హెచ్‌ఐవీతో జీవించేవాళ్ల ఇంట్లో ఒక రక్షణ పెట్టె: ఏం ఉంచాలి, ఎలా వాడాలి

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్ర క్రమం తప్పకుండా వేసుకునేవాళ్లకు ఈ రోజుల్లో హెచ్‌ఐవీ వల్ల నేరుగా వచ్చే ముప్పు బాగా తగ్గింది. అయినా మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బాగా కోలుకున్నవాళ్లు కూడా ఒక్కోసారి మళ్లీ మంచాన పడతారు. ఎందుకని ఆరా తీస్తే తేలేవి మామూలు విషయాలే: వానాకాలంలో చెడిపోయిన నీళ్లు, దోమకాటు, వారాల తరబడి పట్టించుకోని దగ్గు, తుపానుకో వలసకో మధ్యలో ఆగిపోయిన మందులు. వీటిలో చాలావాటిని ఇంటి దగ్గరే ఆపొచ్చు. అందుకు కావాల్సిన సామాను ఒక మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో పట్టేస్తుంది. సగానికి పైగా ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. మిగతావి కిరాణా కొట్టులో, మందుల షాపులో దొరుకుతాయి.

ముందు పెట్టె ఎక్కడ పెడతారో చూసుకోండి. రేకుల కప్పు కింద అటక మీద వద్దు, ఎండాకాలంలో అక్కడ మందులు ఉడికిపోతాయి. పొయ్యి పక్కన, స్నానాల గది దగ్గర కూడా వద్దు. లోపలి గదిలో, నేలకు కాస్త ఎత్తులో, పిల్లల చేతికి అందని చోట ఉంచండి. వరదకు ఇంట్లోకి నీళ్లొచ్చే ఊరైతే ఒక్క చేత్తో ఎత్తుకుని బయటకు వెళ్లగలిగేంత పెట్టె చాలు.

మొదట ఏఆర్‌టీ మందు

పెట్టెలో మొదటి చోటు దీనిదే. ఇప్పుడు పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇస్తున్నది మూడు మందులు కలిపిన ఒకే మాత్ర: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. రోజుకు ఒకటి, ఒకే వేళకు. మన దేశంలో ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది. 2017 నుంచి సీడీ4 (ఒంట్లో రోగనిరోధక శక్తిని చూపే రక్తకణాల లెక్క) ఎంత ఉందన్న దానితో పని లేకుండా, హెచ్‌ఐవీ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ ఇస్తున్నారు. శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఏఆర్‌టీ సెంటర్లు ఉన్నాయి. ఊరు దూరమైతే దగ్గర్లోని లింక్ ఏఆర్‌టీ సెంటర్‌కు మార్చమని కౌన్సిలర్‌ను అడగండి. ఆరోగ్యం నిలకడగా ఉంటే మూడు నెలల మందు ఒకేసారి ఇస్తారు. దారి ఖర్చు, కూలి పోవడం రెండూ తప్పుతాయి కాబట్టి ఈ సంగతి మీరే అడగండి.

డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆగకండి. పది రోజుల మందు చేతిలో ఉండగానే సెంటర్‌కు వెళ్లండి. ఇది మన జిల్లాల్లో ఎందుకంత ముఖ్యమో 2018 అక్టోబరు 11 చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తిత్లీ తుపాను పలాస దగ్గర్లో తీరం దాటాక ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. రోడ్లకు అడ్డంగా చెట్లు పడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి వారంలో మందు అయిపోతే బస్సు దొరకదు, ఫోను కలవదు. అందుకే దసరా నుంచి నవంబరు చివరిదాకా మందు నిండుగా ఉండేలా చూసుకోండి. తుపాను హెచ్చరిక వినగానే డబ్బాను, ఏఆర్‌టీ పుస్తకాన్ని జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టండి.

మాత్రలను వచ్చిన డబ్బాలోనే ఉంచండి. లోపల ఉండే చిన్న తెల్ల పొట్లాన్ని పారేయకండి, తేమ పీల్చుకునేది అదే. సముద్రం దగ్గర ఊళ్లలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి విడిగా కాగితంలో చుట్టి పెట్టిన మాత్ర త్వరగా పాడవుతుంది. చుట్టాలు చూస్తారన్న భయంతో చాలామంది మాత్రలు వేరే డబ్బాలోకి వంపేస్తారు. ఆ భయం నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ మార్గం వేరే ఉంది. డబ్బాను డబ్బాగానే తీసుకెళ్లి, బయటికి కనపడని మరో పెద్ద డబ్బాలో పెట్టేయండి.

ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. మర్నాటి వేళ దాదాపు వచ్చేసి ఉంటే ఆ ఒక్కటే వేసుకోండి, రెండు కలిపి వద్దు.

గ్యాస్ మందు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. జెలూసిల్, డైజీన్ లాంటి వాటిలో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఏఆర్‌టీ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత గాని, వేసుకోవడానికి ఆరు గంటల ముందు గాని వాటిని తాగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు కూడా ఇదే లెక్క, కాకపోతే వాటిని భోజనంతో పాటు ఏఆర్‌టీ మాత్రతో కలిపి వేసుకోవచ్చు. గర్భిణులకు ఐరన్, కాల్షియం రెండూ ఇస్తారు కాబట్టి వాళ్లు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. పాంటాప్రజోల్ రకం మాత్రలతో ఈ పేచీ లేదు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఏఆర్‌టీ డాక్టరుకు చెప్పండి, దాని మోతాదుకు ఒక హద్దు పెడతారు.

కాట్రిమోక్సజోల్

సెప్ట్రాన్ మాత్ర అంటే చాలామందికి తెలుస్తుంది. సీడీ4 350 కంటే తక్కువ ఉన్నవాళ్లకు ఏఆర్‌టీ సెంటర్‌లో రోజుకొకటి చొప్పున ఇస్తారు. ఒక రకం న్యుమోనియాను, మెదడుకు పట్టే టాక్సోప్లాస్మా జబ్బును, కొన్ని రకాల విరేచనాలను ఇది ఆపుతుంది. ‘ఏఆర్‌టీ వేసుకుంటున్నాను కదా, ఇదెందుకు’ అని మానేసేవాళ్లు ఉన్నారు. మానొద్దు. సీడీ4 పెరిగి, నిలబడ్డాక డాక్టరే ఆపుతారు. మొదలుపెట్టిన కొత్తలో ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వచ్చినా, నోట్లో పుండ్లు లేచినా అది ఈ మాత్రలో ఉండే సల్ఫా మందు పడకపోవడం కావచ్చు. మాత్ర ఆపి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. గతంలో ఏ సల్ఫా మందుకైనా అలా జరిగి ఉంటే ముందే చెప్పండి.

నీళ్లు

నన్నడిగితే ఏఆర్‌టీ తర్వాత అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. విజయనగరం జిల్లా గుర్లలో 2024 అక్టోబరులో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే అంతగా కుంగదీసే జబ్బు, సీడీ4 తక్కువ ఉన్నవాళ్లకు మరింత ప్రమాదం. పైగా విరేచనాలు ఎక్కువ రోజులు సాగితే బరువు పడిపోతుంది, వేసుకున్న మందు కూడా సరిగా ఒంటపట్టదు.

కుళాయి నీళ్లయినా, బోరింగు నీళ్లయినా, నేలనూతి నీళ్లయినా, ఏజెన్సీలో గెడ్డ నీళ్లయినా తాగే ముందు శుభ్రం చేయాలి. నీళ్లు తేటగా కనపడితే మంచివని అర్థం కాదు. అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి కాచడం. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం పాటు అలాగే తెర్లనిచ్చి, మూత పెట్టి చల్లార్చండి. గ్యాస్ ఖర్చు భారమనుకుంటే క్లోరిన్ మాత్రలు వాడండి. ఆశా కార్యకర్త దగ్గర గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని అడగండి. ఎన్ని లీటర్లకు ఒక మాత్రో అట్ట మీద ఉంటుంది, ఆ లెక్క తప్పకండి. బురద నీళ్లయితే ముందు మడతలు పెట్టిన శుభ్రమైన గుడ్డలో వడకట్టి, తర్వాత మాత్ర వేయండి. వేసిన వెంటనే తాగకూడదు, అరగంట ఆగాలి. కాస్త మందు వాసన వస్తుంది, దానితో హాని లేదు.

కాచిన నీళ్లు కూడా నిల్వ చేసే దగ్గరే చాలా ఇళ్లలో మళ్లీ చెడతాయి. వెడల్పు మూతి బిందెలో గ్లాసు ముంచడం, గ్లాసుతో పాటు వేళ్లు మునగడం మనకు అలవాటు. అందుకే కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము గాని, పొడుగు కాడ ఉన్న గరిటె గాని కొనండి. ఈ పెట్టె కోసం మీరు పెట్టే డబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. రాత్రి అన్నంలో పోసే నీళ్లు, చోడి అంబలిలో కలిపే నీళ్లు, పచ్చళ్లు కలిపేటప్పుడు తడి చెయ్యి, ఇవన్నీ తాగే నీళ్ల కిందే లెక్క. చద్దన్నం, అంబలి మానమని చెప్పడం లేదు, అవి మంచి తిండే. వాటిలో పోసేది కాచి చల్లార్చిన నీళ్లు కావాలి, అంతే. మాంసం, గుడ్లు, చేపలు పూర్తిగా ఉడికించే తినండి.

పెట్టెలో నాలుగైదు ఓఆర్ఎస్ పొట్లాలు ఎప్పుడూ ఉండాలి. పెద్ద పొట్లం ఒకటి, శుభ్రమైన నీళ్లు ఒక లీటరు. పొట్లాన్ని సగం సగం కలపకండి, పంచదార అదనంగా వేయకండి. కలిపింది 24 గంటల్లో తాగేయాలి, మిగిలితే పారబోయాలి. విరేచనం అయిన ప్రతిసారీ ఒక గ్లాసు, గుక్కగుక్కగా. ఏఆర్‌టీ మాత్ర మాత్రం ఆపొద్దు. రక్తం పడినా, జ్వరం తోడైనా, మూత్రం రాకపోయినా, కళ్లు లోపలికి పోయి నీరసించినా ఇంట్లో కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. మూడు రోజులకీ తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి. పిల్లలకు విరేచనాలైతే ఓఆర్ఎస్‌తో పాటు జింక్ మాత్రలు 14 రోజులు వేస్తారు. అవి కూడా ఆశా దగ్గరే దొరుకుతాయి.

దోమతెర

సీతంపేట, కురుపాం, సాలూరు వైపు ఉన్నవాళ్లకు (2022 ఏప్రిల్ నుంచి అవి పార్వతీపురం మన్యం జిల్లా) మలేరియా కొత్త కాదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మలేరియా వస్తే ముదిరే ప్రమాదం ఎక్కువ. మైదాన ప్రాంతంలో డెంగీ ఉంది. ప్రభుత్వం ఇచ్చే మందు పూసిన దోమతెరను మాటిమాటికీ ఉతకకండి, ఉతికితే నీడలో ఆరేయండి, మంచం పరుపు కిందికి దోపి పడుకోండి. చేపలు పట్టడానికి, ఎండు చేపల మీద కప్పడానికి దాన్ని వాడేస్తే ఆ నష్టం మీదే. జ్వరం వస్తే మొదటి రోజే ఆశా చేత రక్త పరీక్ష చేయించుకోండి.

దగ్గు, థర్మామీటరు, నాలుగు ప్రశ్నలు

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ప్రాణం తీసే జబ్బుల్లో టీబీ ముందుంటుంది. దీన్ని కనిపెట్టడానికి పెట్టెలో ఒక డిజిటల్ థర్మామీటరు, నాలుగైదు మాస్కులు, ఒక చిన్న కాగితం చాలు. కాగితం మీద ఈ నాలుగు రాసుకోండి: దగ్గు ఉందా, జ్వరం ఉందా, బరువు తగ్గుతున్నానా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా. ఆదివారం ఆదివారం చదువుకోండి. మామూలు మనిషికి రెండు వారాల దగ్గయితేనే పరీక్ష చేయించుకోమంటారు. మనకు ఆ రెండు వారాల లెక్క లేదు. ఈ నాలుగింటిలో ఒక్కటి ఉన్నా కళ్లె పరీక్షకు వెళ్లాలి, అది ఉచితం. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే తారీఖు వేసి రాసుకోండి, డాక్టరుకు ఆ కాగితం చాలా ఉపయోగపడుతుంది.

ఈ నాలుగూ లేకపోతే టీబీ రాకుండా ముందే వేసుకునే మందు ఉంది. ఐసోనియాజిడ్ రోజుకొకటి, ఆరు నెలలు, దానితో పాటు బీ6 విటమిన్. కొందరికి వారానికోసారి చొప్పున 12 వారాల కోర్సు ఇస్తారు. మీకు ఇది ఎప్పుడైనా ఇచ్చారో లేదో ఏఆర్‌టీ పుస్తకంలో చూడండి, లేకపోతే అడగండి. వేసుకునే రోజుల్లో కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, తిండి సయించకపోయినా మందు ఆపి వెంటనే డాక్టరును కలవండి. ఆ నెలల్లో మద్యం జోలికి పోవద్దు, కాలేయానికి రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి.

టీబీ ఉందని తేలితే టీబీ మందులిచ్చేవాళ్లకు ఏఆర్‌టీ సంగతి, ఏఆర్‌టీ సెంటర్‌కు టీబీ సంగతి తప్పక చెప్పాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది. అందుకే 12 గంటల తేడాతో ఇంకో డోలుటెగ్రావిర్ మాత్ర అదనంగా ఇస్తారు. రెండు చోట్లా మొహమాటపడి దాచుకుంటే రెండు మందులూ వృథా. చికిత్స సాగినన్నాళ్లూ తిండి కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు.

ఉద్దానం వాళ్లకు ప్రత్యేకంగా

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఉన్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. అక్కడ కిడ్నీ జబ్బు ఎంతమందిని బలి తీసుకుందో మీకే బాగా తెలుసు. ఏఆర్‌టీ మాత్రలోని టెనోఫోవిర్ కొద్దిమందిలో కిడ్నీల మీద ప్రభావం చూపుతుంది. అందుకే మందు మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత అప్పుడప్పుడు కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్‌ను రక్తంలో చూస్తారు. మీ ఊరి పేరు, ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరుగుతోందా అన్న సంగతి డాక్టరుకు మీరే చెప్పండి. ప్రతి పరీక్ష అంకెనూ తారీఖుతో సహా ఒక కాగితంలో వరుసగా రాసి పెట్టెలో ఉంచండి. ఒక్క అంకె చూసి టెన్షన్ పడనక్కర్లేదు. డోలుటెగ్రావిర్ మొదలుపెట్టాక కిడ్నీకి ఏ హానీ లేకుండానే క్రియాటినిన్ కొద్దిగా పెరుగుతుంది. చూడాల్సింది వరుసగా పెరుగుతోందా అన్నది. అలా పెరిగితే టెనోఫోవిర్ బదులు వేరే మందు ఇస్తారు. మార్గం ఉంది కాబట్టి భయంతో మీ అంతట మీరు మానేయకండి.

ఒళ్లు నొప్పులకు పెట్టెలో పారాసిటమాల్ ఒక్కటే ఉంచండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకు చేటు, టెనోఫోవిర్ వేసుకునేవాళ్లకు మరీను. పొలం పని, వేట ముగించుకుని వచ్చి ఆర్ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. నొప్పి సూది వద్దని గట్టిగా చెప్పండి. కారణం చెప్పడం ఇష్టం లేకపోతే ‘నాకు కిడ్నీ పరీక్షలు జరుగుతున్నాయి’ అంటే చాలు, అది నిజమే కదా.

కండోములు

ఏఆర్‌టీ సెంటర్‌లో, పరీక్షలు చేసే ఐసీటీసీలో ఉచితంగా ఇస్తారు. ఎండ తగిలే చోట, పర్సులో నెలల తరబడి ఉంచకండి. చివరి తేదీ చూసి వాడండి. కొబ్బరి మన నేల పంట, నూనె ప్రతి ఇంట్లో ఉంటుంది, కానీ కండోముకు కొబ్బరి నూనె రాస్తే రబ్బరు దెబ్బతిని చిరిగిపోతుంది. వాజిలిన్‌తో కూడా అంతే. నీటితో చేసిన జెల్లీ మాత్రమే వాడాలి.

ఏడాదికోసారి చేసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనపడనంతగా తగ్గి, మందు అలాగే కొనసాగుతుంటే మీ నుంచి భాగస్వామికి లైంగికంగా హెచ్‌ఐవీ సోకదు. ఎన్నో జంటలను ఏళ్ల తరబడి గమనించి తేల్చిన విషయమిది. దీన్ని మీ భార్యకో భర్తకో తప్పక చెప్పండి, చాలా ఇళ్లలో బరువు దిగుతుంది. మిగతా సుఖవ్యాధులకు, అనుకోని గర్భానికి మాత్రం కండోము కావాలి. వైరల్ లోడ్ ఇంకా తగ్గనప్పుడు కండోము చిరిగితే, హెచ్‌ఐవీ లేని భాగస్వామి 72 గంటల్లోపు, వీలైతే కొద్ది గంటల్లోనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ 28 రోజుల నివారణ మందు ఉంటుంది.

చిన్నవే అయినా ఉండాల్సినవి

సబ్బు, సొంత బ్లేడు, సొంత టూత్ బ్రష్, గోళ్ల కత్తెర, దూది, గాజుగుడ్డ, గాయాలకు రాసే అయోడిన్ మందు, రెండు జతల రబ్బరు గ్లవ్స్, బ్లీచింగ్ పౌడర్ చిన్న డబ్బా. బ్లేడు, బ్రష్ పంచుకోకూడదు. కంచం, గ్లాసు, దుప్పటి, మరుగుదొడ్డి అందరితో కలిసి వాడుకోవచ్చు, వాటితో హెచ్‌ఐవీ రాదు. ఎవరైనా మీకు వేరే కంచం పెడితే దానికి ఏ ఆధారమూ లేదని ధైర్యంగా చెప్పండి. పలాస వైపు జీడి పిక్కల పనికి వెళ్లే అక్కచెల్లెళ్లు గ్లవ్స్ తప్పక వాడాలి. పిక్క రసానికి చర్మం కాలి పుండ్లు పడితే మానడానికి సమయం పడుతుంది, చీము పట్టే వీలూ ఎక్కువ. ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కూడా చేయించుకోవాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఆ క్యాన్సర్ ముప్పు ఎక్కువ.

కాగితాల కవరు

పెట్టె అడుగున ఒక ప్లాస్టిక్ కవరులో ఏఆర్‌టీ పుస్తకం, ఆధార్ నకలు, చివరి సీడీ4, వైరల్ లోడ్, క్రియాటినిన్ రిపోర్టులు, కౌన్సిలర్ ఫోన్ నంబరు ఉంచండి. పుస్తకాన్ని పేజీ పేజీ ఫోటో తీసి ఫోనులో కూడా పెట్టుకోండి. సందేహం వస్తే ఫోన్ చేయడానికి 1097 ఉంది, డబ్బు ఖర్చు లేదు, పేరు చెప్పనక్కర్లేదు.

వలస వెళ్లేవాళ్లకు ఈ కవరే ఆధారం. మన తీరం నుంచి గుజరాత్ వేరావల్‌కు వేటకు వెళ్లేవాళ్లు, హైదరాబాద్, చెన్నై నిర్మాణ పనులకు వెళ్లేవాళ్లు నెలల తరబడి ఊరికి రారు. రైలెక్కే ముందు సెంటర్‌కు వెళ్లి ఎక్కడికి, ఎన్నాళ్లకు వెళుతున్నారో చెప్పండి. తక్కువ రోజులైతే సరిపడా మందు ఇస్తారు. ఎక్కువైతే అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌కు బదిలీ కాగితం రాస్తారు. ఏ రాష్ట్రంలోనైనా మందు ఇదే, ఉచితమే. చెప్పకుండా వెళ్లిపోయి మందు ఆపేయడం వల్ల జరిగే నష్టం ఇంకే తప్పు వల్లా జరగదు.

పెన్షన్ కాగితాలూ ఇందులోనే పెట్టండి. ఏఆర్‌టీ తీసుకునేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పెన్షన్ 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. అర్హత సంగతి ఏఆర్‌టీ సెంటర్‌లోనే అడగండి. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆసుపత్రిలో గాని, ఉద్యోగంలో గాని, బడిలో గాని, అద్దె ఇంట్లో గాని మిమ్మల్ని వేరుగా చూడటం చట్టవిరుద్ధం. మీ అనుమతి లేకుండా మీ సంగతి బయటపెట్టడం కూడా తప్పే.

సెంటర్‌కు వెళ్లే ముందు రోజు సాయంత్రం పెట్టె తెరిచి చూడండి. తేదీ దాటిన మందులు పక్కకు తీయండి, అయిపోయినవి చీటీ మీద రాయండి, ఆ చీటీ మీదే డాక్టరును అడగాల్సినవీ రాసుకోండి. ఇంట్లో మీరు నమ్మే ఒక్కరికైనా, అమ్మకో, భార్యకో, ఎదిగిన బిడ్డకో, పెట్టె ఎక్కడుందో, జ్వరమొచ్చి మీరు లేవలేకపోతే ఏ మాత్ర ఏ వేళకు ఇవ్వాలో చూపించి ఉంచండి.